పాత రూములో కోటు

హలో… ఆ, నేనే. పురుషోత్తం.

…ఎవలూ?… ఫరీద్! ఏంరా, విల్నియస్ నుంచేనా?… ఎల్లారెడ్డి బస్టాండ్‌ల నిలవడి మాట్లాడినట్టే వినిపిస్తున్నవ్‌రా.

కాలేజీలనే ఉన్న… లే, అందరు వెళ్లిపొయిండ్రు. అటెండర్ గంగారాం తాళంచెవి నాకే ఇచ్చి పోతడు. ఇంటికి పోయి మాత్రం ఏం జేస్త?… ఆ, ఒక్కణ్ణే. ఇంకా.

నువ్వు చెప్పు… మన లేజర్ కంపెనీకి కొత్త బిల్డింగా!… మూడంతస్తులా? మన రెండు రూములకెల్లి?… జపానోళ్లు గూడ మన లేజర్లే కొంటున్నరా… ఇంకో నాలుగు కంపెనీలు లేచినయా? హైదరాబాద్‌ల ఉన్నంత మంది లేరు గదరా ఆ లిథువేనియా దేశం మొత్తంల!

…యాదికుండక? చీకట్ల నువ్వు అద్దం మర తిప్పుతుంటివి. నేను ఆ కొసకు తెల్ల కాగితం పట్టుకొని, వెలుగు నడిమిట్ల పడంగనే "ఆగు!" అని మొత్తుకుంటుంటి…

ఏందీ?… ఇప్పటి పోరగాండ్లు గూడ "ఆగు" అనే అంటున్నరా?… లిథువేనియా పోరగాండ్లా?… ఏ భాషనో తెల్వకనే…

…లే, నవ్వుతలేను. ఏం లేదు.

ఇక్కడనా? ఏముంటది… రెండద్దాల నడుమ వెలుగు అటూ ఇటూ తిరిగి బలపడతదని బోర్డు మీద గీస్త. పిల్లలు రాసుకుంటరు. గంట కొడ్తరు… నా దిక్కు ఒక్కటే అద్దం ఉన్నట్టనిపిస్తది ఫరీద్. మాట పోతది… మళ్ల రాదు.

సరే, ఫోన్ ఎందుకు జేసినవో చెప్పు.

…నా కోటా?

ఇంకా పాత రూముల ఆ మేకుకే ఉన్నదా?… ఐదేండ్లు!… ఎండకాలంల ఇక్కడికి వచ్చిన గద, చలికి మళ్ల వస్తననే ఇడిచిపెట్టిన… రష్యా గ్యాస్ బంద్ జేసింది, జీతాలు లేకుండె. గిట్ల పెరుగుతదని గప్పుడు ఎవలనుకున్నరు?… నువ్వనుకున్నవు. ఉన్నవు.

…రేపు రూము ఖాళీ జేస్తున్నరా?… నువ్వు మాట్లాడే ఈ ఫోను గూడ తీసేస్తరా… కోటు కొత్త బిల్డింగ్‌కు తేవాల్నా, ఎవలకన్న ఇయ్యాల్నా… గంతేనా? కోటు సంగతేనా నువ్వడిగేది?

…కంపెనీల నాకు జాగ ఉన్నదా?

…మళ్ల చెప్పు.

…పేరు ఇప్పుడే చెప్పాల్నా?… లేకుంటె ఇంకొకల్ని తీసుకుంటరు… ఆ, అర్థమైంది.

…ఉన్న, ఉన్న. లైన్లనే ఉన్న.

ఎవలు ఆపుతున్నరు అంటె… ఎవలూ ఆపుతలేరు ఫరీద్. అమ్మ లేకపాయె… ఎవలన్న ఆపితె కొట్లాడన్న వస్తుంటి. ఆపేటోళ్లు లేక… ఎటు కదలాల్నో తెలుస్తలేదు.

…లే. నవ్వులాట కాదు.

ఇచ్చెయ్‌రా. ఎవలన్న చలికి తొడుక్కుంటరు. మంచి ఉన్ని అది… ఆ, ఆలోచించే చెప్తున్న. ఇచ్చెయ్… నువ్వు పైలం… ఆ. ఉంట మరి.

…

ఆగు. ఫరీద్… ఇయ్యకు. నా పేరు చెప్పు. వస్త… ఫరీద్, ఆగు, ఆగు—

హలో?

…హలో…