నాపారీ రాసిన కంప్యూటర్ జాతకం

తమాలే ఊరి బజారులో నాపారీ ప్రింటింగ్ కొట్టు అరుగే మా టీ సభ. బొగ్గుల మీద టీ మరుగుతోంది, అందరం చేరాం. సనాతు అక్క మాత్రం కూర్చోలేదు. ఆవిడ సంఘం ఆడవాళ్లు సీజనంతా ఒళ్లు హూనం చేసుకుని షియా గింజల నుంచి తీసిన వెన్న పెట్టెల్లో సిద్ధంగా ఉంది. లేబుళ్లేమో నాపారీ కంప్యూటర్‌లో ఇరుక్కున్నాయి. సాయంత్రం అసర్ నమాజు వేళకి లారీ వస్తుంది, లేబుల్ లేని పెట్టెని లారీవాళ్లు ముట్టుకోరు. నాలుగు కాగితాలు ప్రింటయ్యేసరికి కంప్యూటర్ ఠపీమని ఆరిపోతోంది. ఆవిణ్ణి చూస్తే నాకు జాలేసింది.

“కంగారెందుకక్కా? రాత్రే ఇంటర్నెట్‌లో పెద్దపెద్దోళ్లని అడిగేశా,” అంటూ గ్లాసు అందుకున్నాడు నాపారీ. “అడగడమంటే ఊరికే కాదు. ఈ కుర్రకారు ఏం రాస్తారు? ‘నా కంప్యూటర్ ఆగిపోతోంది, కాపాడండి’ అని. ఏ కంప్యూటర్‌రా? అందులో ఏముందిరా? వాళ్లకేమన్నా కలొస్తుందా? నేనలా కాదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఎంత, పవర్ సప్లై ఎన్ని వాట్లు, అన్నీ రాశా.”

“మంచి పని చేశావ్,” అన్నాడు టీ కాచే ఫుసేని. మెచ్చుకోవడమే వాడు చేసిన తప్పు.

“అక్కడితో ఆపితే నేను నాపారీ ఎలా అవుతానోయ్? మరలు రాశా. ఏ మర ఎంత బిగుతో రాశా. ఫ్యాన్ మీద దుమ్ము రాశా. ఆ దుమ్ము ఎడారిలో ఏ గుట్ట మీంచి లేచిందో, ఆ గుట్టని ఏ ఒంటె తొక్కిందో కూడా...”

“ఒంటె పేరో?” అన్నాడు ఫుసేని.

“రాశాలే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వివరాల బరువుకి ఆ వెబ్‌సైటు ఓ పక్కకి ఒరిగిపోయింది. జపాన్‌లో షిఫ్టులు వేసుకుని మరీ చదివారు. ఒకాయన నున్నగా గడ్డం గీసుకుని మొదలెట్టాడు, చివరి పేజీకొచ్చేసరికి గడ్డం మోకాళ్లు దాటింది.”

“రాత్రి అడిగితే తెల్లారేసరికి అంత గడ్డమా?” అన్నాను.

“వాళ్లకి మనకంటే ముందే తెల్లారుతుంది కదయ్యా! మధ్యలో అడ్డురాకు. ఎంత వివరంగా రాశానంటే అక్కా, అది చూసి వాళ్లు మక్కీకి మక్కీ నా కంప్యూటర్‌నే అక్కడ తయారుచేసేశారు. అదే గీత, అదే సొట్ట. ఆన్ చేస్తే నా ఫైళ్లే తెరుచుకున్నాయట! నీ లేబుళ్లు అక్కడ ప్రింటవుతున్నాయి, టోక్యో అంతా నీ వెన్న వాసనే!”

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. సనాతు అక్క నవ్వలేదు.

“వాళ్లది కూడా ఆగిపోతోందా?”

“ఆగడమా? ఆన్ చేసింది మొదలు రెప్ప వేస్తే ఒట్టు!”

“అంటే అదే కంప్యూటర్ అక్కడ నడుస్తోంది, ఇక్కడ ఆగుతోంది. మరి వాళ్ల దగ్గర లేనిది నీ కొట్లో ఏముంది?”

నాపారీ కొట్లోకి తొంగి చూశాడు. లోపల, చల్లనీళ్ల ప్యాకెట్ల కోసం పెట్టుకున్న పాత ఫ్రీజర్ గుర్రుమని లేచింది. వెంటనే కంప్యూటర్ ఆరిపోయింది.

“ఫ్రీజర్ సంగతి రాశావా?”

“ఫ్రీజర్ కంప్యూటర్‌లో భాగమా అక్కా?”

“రెండూ ఒకే వైరు మీద వేలాడుతున్నాయి కదరా! అది లేస్తే దీనికి కరెంటు చాలట్లేదు!” అని ఆవిడ లోపలికెళ్లి ఫ్రీజర్ ప్లగ్గు పీకేసింది. కంప్యూటర్ లేచింది. ప్రింటర్ కదిలింది. అందరం గుమ్మంలో మూగాం. నాలుగో కాగితం వచ్చింది, ఐదోది వచ్చింది, ఇక ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

“నా ఐసు!” అన్నాడు నాపారీ నీరసంగా. “పోనీలే, ఈ సంగతి కూడా వాళ్లకి రాసి పడేస్తా.”

సనాతు అక్క లేబుళ్లు చేతుల్లోకి సర్దుకుంటూ మొదటిసారి నవ్వింది. “నీకు పుణ్యముంటుంది, రాయకురా. రాశావంటే వాళ్లు ఫ్రీజర్ కూడా తయారుచేస్తారు. టోక్యోలో నా లేబుళ్లు ఆగిపోతాయి.”