పుంజీకి మూడు

— అమ్మమ్మా, లెక్కల పరీక్షల ముప్పయ్యే వచ్చినయి. డెబ్బై శాతం రాకపోతే మేడారం జాతరకు తీస్కపోనన్నది అమ్మ. జర అమ్మకు చెప్పకే.

అయ్యో, గింత దానికేనా ముక్కు ఎగజీరుకుంట కూసున్నవ్? ఇటు రా, నా పక్కన కూసో. ముందుగాల ఆ కండ్లు తుడుసుకో. మీ అమ్మ డ్యూటీ దిగి మడికొండకు వచ్చేటాల్లకు ఇంకా శాన టైమున్నది. ఏం లెక్కలే అవి? పర్సంటేజీలా? ఓసోస్, నూటికెన్ని అనుడే గద! నేను బడి మొకం సూడలేదు గని, ఆ నూటికెన్ని అనేది నన్ను ఒకపారి నిండ ముంచబోయింది బిడ్డ. మీ అమ్మే ఒడ్డుకేసింది. చెప్పలేదా నీకు? చెప్పదు. దానికి నన్ను తిట్టుడు తప్ప ఏం యాదికుండదు.

అప్పుడు మీ అమ్మ గూడ నీ లెక్కనే ఏడో తరగతి. కాదు కాదు, ఆరు... ఆఁ, ఏడే. రఘునాథపల్లి కాడ మనకు రెండెకరాల చెల్క ఉండె. యాసంగిల పల్లికాయ ఏసేటోల్లం. ఇప్పటోల్లు దుకాన్ల సంచి కొనుక్కొచ్చి ఏస్తాండ్లు. అప్పుడట్ల గాదు, మన ఇత్తనం మనమే దాసుకునేది. మా అత్త, అంటే మీ అమ్మకు నానమ్మ, గట్టి మనిషి. గింజ మొలుస్తదో లేదో సూడందే చెల్కల ఎయ్యనిచ్చేది గాదు. నూరు గింజలు ఒలిచి, తడి గోనెసంచిల పరిచి, సుట్ట సుట్టి, నీళ్ల కాగు పక్కకు పెట్టాలె. ఐదొద్దులకు ఇప్పి సూడాలె. నూటికి డెబ్బై మొలిస్తే ఇత్తనం. డెబ్బైకి తక్కువైతే గానుగకు. ఇగ మల్ల మాట లేదు.

ఆ ఏడు అత్తకు కండ్లల్ల పొర వచ్చింది. దవాఖానకు పోదామంటే, కిరాయి దండుగ అంటది. ఇంతజేస్తే కాజీపేటకు బస్సు కిరాయి రెండు రూపాయలో మూడు రూపాయలో! సర్లే, అదొక కథ. కండ్లు ఆనక, ‘ఇరవై చేతులు తీసి కట్టవే’ అన్నది నన్ను. వాళ్ల దిక్కు చెయ్యంటే ఐదు. ఇరవై చేతులైతే నూరు. సరేనని తీసిన, కట్టిన.

ఐదొద్దులకు ఇప్పి మొలకలు లెక్కవెడితే ఎన్ని? అరవై! మల్ల లెక్కవెట్టిన. అరవయ్యే.

మీ తాత సంగతి నీకు తెల్వదు, ముక్కు మీదుండేది కోపం. ‘వానకు ఇల్లు కురుస్తాంటే సంచులు జరపమన్న, జరిపినవా? గింజంత ఖరాబు జేసినవ్’ అని ఒకటే లొల్లి. జరిపిననే తల్లీ, జరిపిన! ఇంటేగా? తువ్వాల భుజం మీదేసుకోని గానుగాయన ఇంటికి పోయి, పొద్దుగాల్నే బండి కట్టుకోని రమ్మని చెప్పొచ్చిండు. గానుగకు అమ్మితే అగ్గువకు పోతది, ఇత్తనం కొందామంటే పిరం. ఆ ఏడు కొనే తాకత్ మాకు లేకుండె. అంటే రెండెకరాలు పడావు పడ్డట్టే, ఎండకాలం మా నోట్లె మన్నే. నేను ఒక్క బుక్క తినలే ఆ రోజు.

తెల్లారింది. బండి వచ్చింది. సంచులు వాకిట్ల వెట్టిండ్లు. మీ అమ్మేమో బడికి తయారై, ఆ ఇప్పిన గోనెసంచి కాడ కూసున్నది, మొలకలు ఏరుకోని తింటాంది. ఉన్నట్టుండి, ‘అమ్మా, మొలవనియి ఇరవయ్యే ఉన్నయేందే?’ అన్నది.

‘ఉంటయ్ తీ, నువ్వు బడికి నడువు’ అన్న.

‘అరవై మొలిచినయ్, ఇరవై మొలవలే. రెండు కలిపితే ఎనభయ్యే. నువ్వు కట్టింది నూరు గదా, కడమ ఇరవై ఏడవొయినయ్?’

‘ఎలుక తిన్నదేమోనే!’

‘తింటే సంచికి బొక్క పడాలె గదా? ఏది, ఎట్ల లెక్కవెట్టినవో మల్లొకపారి తియ్యి.’

గంత పరేషాన్ల దీని పెత్తనమేందని ఒకటి సరుద్దామనుకున్న. గని ఎందుకో, సంచిలకెల్లి తీసిన. ఒకటి... రెండు... మూడోది తియ్యంగనే నా చెయ్యి వట్టుకున్నది. ‘అమ్మా, ఇప్పి సూడు. నాలుగే ఉన్నయ్!’

అంతే బిడ్డ. నాకప్పుడు సమజయింది. మా అవ్వగారింట్ల చెయ్యి లెక్క లేదు, పుంజీ లెక్క. పుంజీ అంటే నాలుగు. చిన్నప్పుడు మామిడికాయలు, పిడుకలు అన్నీ పుంజీలకే తీసేదాన్ని. అత్తగారింటికొచ్చి పద్నాలుగేండ్లయినా నా వేళ్లకు ఆ అలవాటు పోలే. నోరేమో ఇరవై అన్నది, చెయ్యేమో నాలుగే తీసింది. నూరు గాదు, ఎనభయ్యే కట్టిన!

మీ అమ్మ బొగ్గుముక్కతోని బండ మీద రాసుడు మొదలువెట్టింది. ఎనభైకి అరవై, మరి నూటికెన్ని? కొట్టేసింది, మల్ల రాసింది. నాకు ఒక్క ముక్క ఎక్కలే. అప్పుడన్నది, ‘అమ్మా, నీ పుంజీలల్ల చెప్త. పుంజీకి మూడు మొలిచినయ్. నూటికి ఇరవై ఐదు పుంజీలు. అంటే డెబ్బై ఐదు!’

పుంజీకి మూడు అంటే నాకెందుకు తెల్వదే!

మంచంల కెల్లి మా అత్త ఒకటే కేక, ‘డెబ్బై దాటినయా? సంచులు లోపటెయ్యుండ్లి!’ గానుగాయన గునుసుకుంట గునుసుకుంట, చాయ్ తాగి పోయిండు. మీ తాత మొకం సూడాలె ఆ రోజు. అన్ని సంచులు ఆయనే మోసిండు లోపటికి. నేను గడప మీద కూలవడి ఏడ్సిన. దుఃఖం గాదే, పానం నిమ్మలమైతే గూడ ఏడుపొస్తది.

ఇత్తేటప్పుడు మూడేసే కాడ నాలుగు ఎయ్యమన్నది అత్త. మొలిచింది బిడ్డ, సాలు సాలుకు మొలిచింది. కాయ తెంపలేక మా నడుములు పడిపోయినయ్.

అప్పటి సంది ఎవలేం లెక్క చెప్పినా, ఎన్నిట్ల అని అడుగుత. అవునే... ముప్పై ముప్పై అంటానవ్, ఎన్నిట్ల ముప్పై?

— నలభైట్ల.

నలభైట్లనా? ఆగాగు. నలభై అంటే పది పుంజీలు. పది పుంజీలకు ముప్పై... ఓసి నీ అల్లరి పాడుగాను! పుంజీకి మూడే గదనే! నూరేమో అని నేను బుగులువడ్డ. అవే డెబ్బై ఐదు! నూటికెన్ని అని పరీక్ష రాసి, నీ మార్కులు నూటికెన్నో సూసుకోలేదా పిచ్చిదానా? పొద్దటి సంది ఉత్తగనే ఏడ్సినవ్. నవ్వుతానవా? నవ్వు నవ్వు, నా తల్లి సల్లగుండ.

అగో, గేటు సప్పుడైతాంది. మీ అమ్మే. దాసిపెట్టకు, కాయిదం తీస్కోని ఎదురువో. పుంజీకి మూడు మొలిచినయని చెప్పు, దానికి యాదికున్నదో లేదో సూద్దం. జాతరల సమ్మక్కకు బెల్లమే బంగారం గద, నీ పేరు మీద ఐదు కిలోలు నేనిస్త... ఐదే, నాలుగు గాదు. ఈపారి నువ్వే లెక్కవెట్టు, నా చెయ్యిని నమ్మకు...