ఫ్లెక్సీలో లేని పెదనాన్న

కదలకు పెదనాన్నా అన్నానా! ఇదీ పోయింది. ఇప్పటికి నాలుగు. మొదటి దాంట్లో కళ్ళు మూసీసేవు. రెండో దాంట్లో గుమ్మం కేసి సూసేవు. మూడో దాంట్లో లెగబోయేవు. ఇదిగో, ఈ నాలుగో దాంట్లో పళ్ళు కొరుకుతన్నావు. ఇది అతికించి ఇస్తే బ్యాంకు వాళ్ళు పోలీసులకి ఫోన్ సేస్తారు.

కూకో, కూకో. ఎక్కడికెల్తావు? పక్క స్టూడియో ఆయన పెళ్ళి ఫోటోలకెల్లేడు, మూడ్రోజులు రాడు. బస్టాండు కాడ దానికి కరెంటు లేదు. ఈ సోడారం ఊరు మొత్తం తిరుగు, ఇప్పుడు ఇన్వర్టరున్నది మా షాపొక్కటే. మా ఓనరు ఉదయ్‌కుమార్ గారు ఇంకు కోసం అనకాపల్లి ఎల్లేరు, సాయంత్రం దాకా రారు. ఫోటో తీసినా నేనే, తియ్యకపోయినా నేనే.

పనిసేసేది నేనని తెలిస్తే గుమ్మం ఎక్కీవోడివి కాదులే. నన్ను సూసి నిలబడిపోయేవు గదా! నిలబడి, జేబులోంచి కాయితం ముక్క తీసి, పెన్నడిగి, అదీ సైగ సేసి అడిగి, ఏటి రాసేవు? "ఫోటోలు ఎనిమిది. నాలుగు గంటలకి బ్యాంకు." సొంత తమ్ముడి కూతురితో ఎవరన్నా కాయితం మీద మాటాడతారా?

రెండేళ్ళయింది పెదనాన్నా, నీ గొంతు ఇని.

సర్లే. ఒకందుకు మంచిదే. ఈ ఫోటోకి నోరు మూసుకుని, కదలకుండా కూకోవాలి. నోరెలాగూ మూసే ఉంచేవు. కదలకపోతే సాలు. నేను మాటాడతాను, నువ్వు ఇను. ఇవాళ నేను మాటాడకపోతే పగిలిపోతాను.

ఎందుకో సెప్పనా? సెప్పను. ముందా కండువా తీసి ఈ కోటు తొడుక్కో. అందరూ తొడుక్కుంటారు, నామోషీ ఏటి? మీ వడ్డాది సంతలో మిరపకాయలమ్మీ ఆయన కూడా ఈ కోటేసుకుని కలెక్టర్లా ఎల్లేడు. చేతులు పొట్టయినా పరవాలేదు, ఫోటోలో భుజాల దాకే పడద్ది. అద్దం కాడ పౌడరుంది. వద్దా? వద్దులే.

సెప్పీస్తన్నాను. నా వల్ల కాదు.

నాకు ఉజ్జోగం వచ్చింది పెదనాన్నా!

ఉజ్జోగం! హైదరాబాదులో! పదకొండింటికి మెయిలొచ్చింది. ఎవరికి సెప్పను? అమ్మ బుచ్చయ్యపేట ఎల్లింది, దానికి ఫోను ఎత్తడమే రాదు. సెల్లి చిన్నారి కాలేజీలో ఉంది. నాన్న భోంచేసి, ఫోను సైలెంట్లో పెట్టి పడుకున్నాడు, ఆరుసార్లు సేసేను. ఆఖరికి ఆ ఫ్లెక్సీ మిషన్‌కి సెప్పేను. అది కూడా కరెంటు పోయి ఆగిపోయింది, ఇన్వర్టరు దానికి సాలదు. అప్పుడు గుమ్మంలో నువ్వు! మా ఇంటితో మాటాడని మనిషివి, మా ఇంట్లో అందరికంటే ముందు నువ్వే ఇన్నావు. నవ్వు రావడం లేదా నీకు? నాకొస్తంది. నవ్వితే నా చెయ్యి కదిలి ఇదీ పోతాది. ఆగు.

నువ్వడిగేవు, గుర్తుందా? ఇంటరయ్యాక నాకు వైజాగులో గ్రాఫిక్ డిజైన్ డిగ్రీలో సీటొచ్చిందని మిఠాయి పట్టుకుని మీ ఇంటికొచ్చేం. మిఠాయి నోట్లో ఎట్టుకునే అడిగేవు, "ఆ బొమ్మల సదువుకి ఉజ్జోగాలేటున్నాయే గుంటా?" అని. నేను నాన్న కేసి సూసేను. నాన్న అమ్మ కేసి సూసేడు. అమ్మ గోడ మీద కేలెండరు కేసి సూసింది. ఎవ్వరికీ తెలీదు మరి! ఆ తరవాత ఎప్పుడు కనబడినా అదే మాట. "ఉజ్జోగాలేటున్నాయే?"

ఇప్పుడు తెలుసు. ఇంటావా? ఇనక ఏటి సేస్తావు, కోటేసుకుని కూకున్నావు.

నీ ఫోను తియ్యి. తియ్యొద్దులే, కదిలిపోతావు. కరెంటు బిల్లు కట్టడానికి నొక్కుతావు సూడు, పచ్చ బొత్తాం. అది పైనుండాలా కిందుండాలా, ముసలాళ్ళ బొటనవేలికి అందుతాదా లేదా, అని ఒక మనిషి నెలరోజులు కూకుని ఆలోచిస్తాడు. అదొక ఉజ్జోగం! నువ్వోసారి తప్పు బొత్తాం నొక్కి అనకాపల్లిలో ఎవరి ఫోనుకో రీచార్జి సేసీసి, వారం రోజులు తిట్టుకున్నావు గదా? ఆ తప్పు నీది కాదు. అది డిజైనరు తప్పు. మా సారు సెప్పేరు. ఆ మాట ఇన్నప్పుడు నువ్వే గుర్తొచ్చేవు, క్లాసులో ఒక్కదాన్నే నవ్వేను.

పురుగుల మందు డబ్బా మీద ఎర్ర గుర్తుంటాది. సదువు రానోళ్ళు కూడా అది సూసి చెయ్యి ఎనక్కి లాక్కుంటారా లేదా? అది గీసినోడిది ఒక ఉజ్జోగం. పిల్లల పుస్తకాల్లో బొమ్మలు, పేపర్లో వార్త పక్కన ఫోటో ఎంతుండాలో సూసీవోళ్ళు, సినిమా పోస్టర్లు, టీవీలో పేర్లు ఎగురుకుంటా వస్తాయే, అవి. మా క్లాసులో సదివిన ఒక కుర్రాడు అక్షరాలే గీస్తాడు. తెలుగు అక్షరాలు! రెండేళ్ళ నుంచి అదే పని, ఇంకా "క్ష" కాడే ఉన్నాడు. నవ్వకు... ఓ, నవ్వలేదా? నవ్వేవనుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది. ఫ్లెక్సీలు. తీసిపారీకు! డిగ్రీ సదివి ఫ్లెక్సీ షాపులో కూకుందని ఊరంతా అన్నారు. ఏడాది నుంచి ఇక్కడే ఉన్నాను, నాకేటి సిన్నతనం లేదు. మొన్నొక లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీకి నలభై మూడు ముఖాలు. నలభై మూడు! ఒకడి ముఖం పక్కోడి కంటే వేలెడు సిన్నదైందని నాలుగుసార్లు తిరిగి తెచ్చేరు. ఆఖరికి అందరి ముఖాలూ పెంచితే లీడరుకి చోటు లేదు. మూలన పెట్టేను. ఆయనేటీ అనలేదు, ఆయన కుర్రాళ్ళే సంతోషం.

గెడ్డం కొంచెం ఎత్తు. అదీ. బాగుంది. ఆగు, మళ్ళీ తీస్తాను. ఎన్నిసార్లైనా తీస్తాను. ఈసారి నీ ఫోటో మసగ్గా రానివ్వను.

నా ఉజ్జోగం ఏటో సెప్పలేదు కదూ? డబ్బాలు. సబ్బు డబ్బా, అగరొత్తుల డబ్బా, స్వీటు డబ్బా, అన్నింటి మీదా బొమ్మా అక్షరాలూ గీసీ కంపెనీ. పరీక్ష ఎట్టేరు. మీ ఊరి పక్క స్వీటు ఏదో ఒకటి తీసుకుని దానికి డబ్బా గీసి పంపమన్నారు. ఇంకేటి, మాడుగుల హల్వా! అందరూ డబ్బా నిండా జీడిపప్పులూ, బంగారం రంగూ, పువ్వులూ గీస్తారు. నేను మూత మీద సగం ఖాళీ వదిలీసేను. ఆ ఖాళీలో ఒక గీత గీసి, పక్కన చిన్నక్షరాలతో "ఎవరికి" అని రాసేను. అంతే. ఇచ్చీవోళ్ళు పెన్నుతో పేరు రాసుకోడానికి.

వీడియోలో ముగ్గురు కూకున్నారు. అందులో పెద్దావిడ అడిగింది, ఈ గీత ఎందుకమ్మా అని. కొన్నవాళ్ళకి దగ్గరితనం, అది, ఇది అని ఏదో సెప్పేను. ఆవిడ తలూపి రాసుకుంది. దానికే ఉజ్జోగం ఇచ్చేరు, మెయిల్లో కూడా ఆ గీత గురించే రాసేరు.

ఆవిడకి నేను నిజం సెప్పలేదు పెదనాన్నా.

చిన్నారి ఓణీల ఫంక్షన్ నాడు నేను మేడ మీదున్నాను. నువ్వు ఆటో దిగడం సూసేను. తెల్ల చొక్కా, చేతిలో హల్వా డబ్బా. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేం గదా. దాని ముందు నిలబడ్డావు. కింద వరసలో తాత, నానమ్మ, అత్త, అత్త మొగుడు, ఆ పక్కన మా అమ్మ అన్నయ్య. ఆ చివర్నుంచి ఈ చివరికి సూసేవు. మళ్ళీ ఈ చివర్నుంచి ఆ చివరికి సూసేవు. వేలితో లెక్కెట్టేవు కూడా. అయిదు. తండ్రికి అన్న, ఇంటికి పెద్ద, నువ్వు లేవు.

అదే ఆటోలో ఎల్లిపోయేవు.

డబ్బా టీ బడ్డీ బల్ల మీద వదిలీసేవు. ఆ బడ్డీ దేముడమ్మ పట్టుకొచ్చి, "మీ పెదబాబు మర్సిపోయేడమ్మా" అని ఇచ్చింది. మూత మీద నీలం పెన్నుతో, నీ పెద్ద పెద్ద అక్షరాలతో, "చిన్నారికి" అని ఉంది. చిన్నారి ఏడుస్తానే మొత్తం తినీసింది. ఒక్క ముక్క ఎవరికీ పెట్టలేదు. మూత నేను దాసేను. వైజాగు హాస్టల్లో కూడా నా పెట్టెలో ఉండేది.

సూడకు నా కేసి. కెమెరా కేసి సూడు.

ఆ సాయంత్రం నువ్వు నాన్నకి ఫోను సేసేవు. నాన్న ఏటన్నాడో నీకూ తెలుసు, నేను పక్కనే ఉన్నాను. "చోటు సాల్లేదు అన్నయ్యా, నేనే తీయించేను" అన్నాడు. నువ్వు పెట్టీసేవు. అంతే గదా? అప్పట్నుంచి ఏ పెళ్ళికెల్లినా మీరొక వరస, మేమొక వరస.

నాన్న తీయించలేదు.

నేను తీసేను.

అప్పుడు నాలుగేళ్ళ డిగ్రీలో మూడో సంవత్సరం సదువుతన్నాను. కొత్తగా పాఠం సెప్పేరు. బొమ్మంతా నింపీకూడదు, ఖాళీ ఉంటేనే కన్ను నిలబడతాదని. తలకెక్కీసింది నాకు! మనూరి ఫ్లెక్సీలు సూస్తే అసయ్యం వేసీది. మా సెల్లి ఫ్లెక్సీ సూసి సోడారం మొత్తం నోరెళ్ళబెట్టాలనుకున్నాను. ఆరు ముఖాలు పెడితే ఇరుగ్గా ఉంది. అయిదు పెడితే ఎంత బాగుందో! ఎవర్ని తియ్యాలి? అత్తని తీస్తే అలుగుతాది. అమ్మ అన్నయ్యని తీస్తే అమ్మ ఊరుకోదు. నీ ఫోటో ఒక్కటే మసగ్గా ఉంది, రేషన్ కార్డులోంచి తీసింది. అదొక సాకు. నిజం ఏటంటే, నువ్వు మనోడివి గదా, ఏటీ అనుకోవు గదా అనుకున్నాను. బయటోళ్ళయితే తీసీదాన్ని కాదు. నువ్వు కాబట్టి తీసేను.

నాన్న ఫ్లెక్సీ కట్టేక సూసేడు. సూసి, నన్ను గదిలోకి తీసుకెల్లి ఒకటే మాటన్నాడు. "నువ్వని సెప్పకు. ఆ సదువు సదివితే ఇదేనా నేర్సుకున్నది అంటాడు అన్నయ్య. ఇంకో ఏడాదుంది, అయిపోనీ" అని. ఏడాది అయిపోయింది. డిగ్రీ వచ్చింది. సెప్పీద్దాం నాన్నా అంటే, "ఉజ్జోగం రానీ, అప్పుడు సెప్పుదాం" అన్నాడు. ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ మా దూడల పాక మీద కప్పి ఉంది. వానకి రంగంతా పోయింది, ముఖాలెవరివో తెలీదు. నాన్న మాత్రం పాలు తీసినప్పుడల్లా పైకి సూస్తాడు.

వచ్చింది పెదనాన్నా ఉజ్జోగం. పదకొండింటికొచ్చింది. అందుకే సెప్తన్నాను. నువ్వడిగినదానికి జవాబు దొరికింది గానీ, నువ్వూ నాన్నా మాటలు మానీసేరు. నాకు పొద్దుట్నుంచీ గెంతాలనే ఉంది, గెంతేను కూడా, ఆ మిషన్ కాడ. కాలు తగిలింది.

ఇదిగో, కదలకుండా ఉన్నావు. కళ్ళు తెరిసే ఉన్నాయి. కొంచెం తడిగా ఉన్నాయంతే. వచ్చీసింది! సూడు, ఎంత బాగా పడ్డావో. ఒక్క మచ్చ లేదు. ఎనిమిది ఏటి, ఎనభై ఇస్తాను...

పెదనాన్నా? ఏటయ్యింది? లెగిసిపోయేవేటి? ఎక్కడికి? ఇంకా ప్రింటవలేదు! అయిదు నిమిషాలు! నీ కండువా! కోటు, కోటిప్పు పెదనాన్నా, అది షాపుది!

అయ్యో, రోడ్డెక్కీసేడు. ఓ బాబూ, ఆ బండి ఆపండి, మా పెదనాన్న దాటుతన్నాడు! పెదనాన్నా, బ్యాంకు ఇటు! మీ వడ్డాది ఆటోలూ ఇటే! అటేటుంది? అటు మా వీధి తప్ప ఏటీ...

ఓలమ్మా.

పెదనాన్నా! నాన్న ఇంట్లోనే ఉన్నాడు! పడుకున్నాడు, తలుపు గట్టిగా కొట్టు! ఇన్నావా? తిట్టాలనుంటే తిట్టు, పరవాలేదు, ఊరంతా ఇనబడీలాగ తిట్టు! కాయితం మీద మాత్రం రాసివ్వకు, నోటితోనే తిట్టు!