పుట్టెంటుకల ఫోటో

శ్రీముఖలింగంలో పాపకు పుట్టెంటుకలు తీయించి వారమైంది. అరసవల్లిలో మూతపడిన తమ ఫోటో స్టూడియో గదిలో, గుండు పాపను చంకనెత్తుకుని కోడలు మామగారి ఎదుట నిలబడింది.

“మావయ్యా, కెమెరా ఇవ్వండి. ఇజీనారంలో రీలు కడిగేవోరు ఒకలున్నారంట.”

“ఇప్పుడెందుకమ్మా?”

“గుండుకి ముందు తీసినారు కదా, రెండు పిలకలతోటి. మాయమ్మకి సూపించాల.”

“అందులో... రీలు నేదమ్మా.”

“ఏటీ? టిక్కు టిక్కుమని నొక్కినారు కదా!”

“ఇది బేటరీ కెమెరా కాదమ్మా. లోపలంతా పళ్లచక్రాలే. రీలు నేకపోయినా నొక్కితే మోగుతాది.”

“నేను ఫోన్ తీస్తే వద్దన్నది మీరే కదా! మనింటి పిల్లలందరికీ ఈ కెమెరాతోటే అన్నారు. ఆవేళ ఫోటో ఒక్కటీ నేదు నా దగ్గిర!”

“రీలు తెస్తానన్నోడు తేనేదు. ఇప్పుడెక్కడా దొరకట్నేదు. అక్కడ అందరూ నన్నే సూస్తన్నారు. నేదని సెప్పడానికి నోరు రానేదమ్మా.”

“నోరు రానేదా! ఇంకొకటి, ఇంకొకటి అన్నారు కదా మావయ్యా! దాన్ని నవ్వించలేక నా పేణం పోయింది.”

“ఇది మామూలు కెమెరా కాదు. కంపెనీవోలు వెయ్యే సేసి ఆపేసినారు. అడుగున నంబరు కూడా ఉన్నాది, సూడు. పాపకే ఇచ్చేస్తానమ్మా.”

“కంపెనీవోలు వెయ్యి సేసినారు. దీనికి పుట్టెంటికలు ఒక్కసారే కదా మావయ్యా.”

ముసలాయన కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. అది కనబడగానే పాప, అమ్మ నేర్పినట్టే, పళ్లన్నీ చూపించి నవ్వింది.