పదేళ్ళు పాడవని బస్తా

గ్యారంటీ బాబాయ్‌ది కుక్కలు తినే గుళికలు చేసే ఫ్యాక్టరీలో మిక్సరు మీద పని. ఒకసారి వియ్యాలవారు నలుగురిలో "కుక్క కూడు వండుతాడట" అని కిసుక్కున నవ్వారు. ఆ మాట బాబాయ్ మనసులో ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచి ఫ్యాక్టరీ గేటు ముందు టీకొట్టు బల్లమీద కూర్చుంటే చాలు, ఆ కూడు గొప్ప గురించి కోతలు కోయకుండా ఉండలేడు. ఇంటికెళ్ళాక సిగ్గుతో అన్నం సహించదు, అది వేరే సంగతి.

ఆవేళ మంగలి కదిపాడు. "బాబాయ్, అందులో పాడవకుండా ఏదో మందు కలుపుతారటగా? కుక్కలకు మంచిది కాదంటున్నారు."

"ఎవడ్రా అన్నది? కొవ్వు ముక్కిపోకుండా చిటికెడు మందు, అంతే. మొన్న తనిఖీకొచ్చిన ఆఫీసరూ ఇలాగే మొహం చిట్లించాడు. మా ఓనరుకి ముచ్చెమటలు. నేనేం చేశానో తెలుసా? ఒక గుళిక తీసి కరకరా నమిలేశా!"

నోట్లో వేసుకున్నంతవరకూ నిజమే.

"ఒక్కటేనా?" అన్నాడు లారీ డ్రైవరు ఇకిలిస్తూ.

ఆ నవ్వు చూస్తే బాబాయ్‌కి వియ్యంకుడే కనిపించాడు. "ఒక్కటేవిఁటి, పళ్ళెం నిండా, పాలు పోసుకుని! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెల్రోజులు అన్నం మానేసి అదే తిన్నా. నెరిసిన జుట్టంతా నల్లబడింది."

"ఆ రంగు నేనేగా వేసింది!" అన్నాడు మంగలి.

"నీది పైపైన వేసిందిరా, నాది లోపల్నుంచి పుట్టుకొచ్చింది!"

బల్ల చివర బాబాయ్ వాళ్ళ వీధి టైలరమ్మ కూర్చుని ఉంది. అందరూ నవ్వుతున్నా ఆవిడ మాత్రం నవ్వకుండా, ఒక్క ముక్క వదలకుండా వింటోంది. ఆ చూపుకి బాబాయ్ లోలోపల ముడుచుకుపోయాడు. ఇక చాలనుకున్నాడు. నోరు వింటేగా!

"ఇప్పుడు నా పక్కన పెట్టిన పాలు వారమైనా విరగవు, నన్ను కుట్టిన దోమకి చావు లేదు! మొన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే యముడొచ్చి, నన్నటు తిప్పి ఇటు తిప్పి, గడువు తేదీ ఎక్కడుందయ్యా అన్నాడు. లేదు స్వామీ అన్నా. అయితే నావల్ల కాదని దున్నపోతునెక్కి చక్కా పోయాడు! మనిషినే అంత నిలబెట్టింది, బస్తా విప్పి పదేళ్ళు ఎండలో పడేసినా గుళిక చెక్కుచెదురుతుందా?"

డ్రైవరుకి టీ పొలమారింది. టైలరమ్మ లేచి దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, పదేళ్ళ మాట పోయినసారీ అన్నావు. అందుకే పెద్ద బస్తా కొని, మూతలేని డ్రమ్ములో పోసి పొయ్యి పక్కన పెట్టా. వేసవంతా మా కుక్కకి అదే పెట్టా. ఈమధ్య వాసనొస్తోంది. వాంతులు చేసుకుంటోంది. అయినా నీ మాట గుర్తొచ్చి మళ్ళీ అదే పెట్టా. ఇవాళ లేవట్లేదు."

నవ్వులు ఆగిపోయాయి.

"నెల్రోజులు తిన్నావుగా, నీకు కడుపులో తిప్పినప్పుడు ఏం మింగావో చెప్పన్నయ్యా. దానికీ అదే వేస్తాను."

వెటకారం చేసుంటే బాబాయ్ దగ్గర పది జవాబులుండేవి. ఆవిడ నిజంగానే అడుగుతోంది. విప్పిన బస్తాకి గాలి, వేడి తగిలితే ఏ మందూ ఎంతోకాలం కాపాడదని, మూతి బిగించి చల్లగా ఉన్నచోట పెట్టి త్వరగా వాడేయాలని మిక్సరు గదిలో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. ఆ ముక్క చెబితే బల్లమీద ఎవరు నవ్వుతారు?

"నేను తినలేదు చెల్లెమ్మా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఒక్కటి నోట్లో వేసుకుని, తలుపు చాటుకెళ్ళి ఉమ్మేశా. విప్పిన బస్తా నిలవదు. తెలిసే నీకు అలా చెప్పా."

డ్రైవరు గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "లారీ ఖాళీగానే ఉందక్కా, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం పద."

బాబాయ్ కదలలేక అక్కడే ఉండిపోయాడు. టైలరమ్మ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నువ్వూ రా అన్నయ్యా. అందులో ఏం కలుస్తుందో డాక్టరడిగితే నాకేం తెలుసు, నువ్వే చెప్పాలి."

ఇంత జరిగినా ఆవిడ తన మాటే నమ్ముతోంది. ఆయన తల వంచుకుని లారీ ఎక్కాడు.