సొట్ట గిలాస

అది పందొమ్మిది వందల ఎనభై ఏడు. ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో నాటకం. ఎప్పుడో పరదేశంలో ఒక నల్లాయన, ఒక తెల్లాయన రంగు భేదం మీద నిండు సభలో వాదులాడుకున్న కథ. నల్లాయన వేషం హమాలీ ఎంకటిది. నాటకం నేర్పిన సారు మసి డబ్బా అందించాడు.

“జర పూసుకో ఎంకటీ.”

“పూసుకోను సార్.”

“మరి నువ్వు నల్లోనివని జనానికి ఎట్ల ఎరుకైతది?”

“గీ మార్కెట్ల ఛాయ్ హోటలోడు నాకు బయట వేరే గిలాస పెడ్తడు. ఏనాడన్న మసి పూసుకొని పోయిన్నా సార్?”

సారు మసి డబ్బా మూత పెట్టాడు.  ఎంకటి సంచిలోంచి, హోటల్ బయట తనకు పెట్టే ఆ పసుపంటిన సొట్ట గిలాస తీశాడు.

“గిది పట్టుకొని స్టేజీ ఎక్కుత.”

“హోటలోడు గుర్తుపడితే కొడతడురా!”

“కొట్టనీ సార్. గిలాస తనదేనని నిండు సభల ఒప్పుకున్నట్టే.”