చెయ్యెత్తని శ్రీపతి సారు

గోడమీద ఆ చర్చి ఫోటో ఎవరిదంటవా శ్రావణ్? కూసో, చెప్త. మా శ్రీపతి సారుది. అది చర్చే, కాని అసెంబ్లీ గూడ. జర్మనీల సాక్సనీ అని ఒక రాష్ట్రం ఉన్నది. అశోక్‌నగర్‌ల ఉండి గ్రూప్స్ చదువుతున్నవ్, గది తెల్వదా? మా శ్రీపతి సారు చేతిల పడలే, బతికిపోయినవ్. నువ్వున్న రూమ్‌లనే కిరాయికుండెటోడు, కోచింగ్‌ల పాలిటీ చెప్పెటోడు. మన రాజ్యాంగం చెప్తడని పోతరు గద పిల్లలు, పాపం! ఆయన మొదలువెట్టేదే సాక్సనీ శాసనసభతోని. "పందొమ్మిదొందల యాభై రెండుల బెర్లిన్‌ల ఉన్న తూర్పు జర్మనీ సర్కారు అడిగిందని, మెంబర్లే చేతులెత్తి సొంత రాష్ట్రాన్ని జిల్లాలుగ కోసిచ్చిన్రు. తొంభైల మళ్ల తెచ్చుకున్నరు. కూసోనికి జాగ లేక చర్చిల కూసున్నరు!" మనకేమో హైదరాబాద్‌ల అసెంబ్లీ బిల్డింగు ఉండె, తెలంగాణ రాష్ట్రం లేకపాయె. వాళ్లకు రాష్ట్రమొచ్చె, అసెంబ్లీ బిల్డింగు లేకపాయె. గీ ముచ్చట చెప్పి ఆయనొక్కడే నవ్వుకునేటోడు. మా ఇంటామె విద్యావతి అనేది, "ఏమండి, నల్లా వస్తలేదు, ఆ జర్మనోళ్లకు జర ఫోన్ కొట్టమనుండ్రి సారును."

ఆదివారమొస్తే మా మేడమీద సభ. పిల్లలకు సాక్సనీ ఊర్లు పంచెటోడు. సూర్యాపేట నుంచొచ్చిన స్వరూప లైప్‌జిగ్ మెంబరు, ఎల్లేశం డ్రెస్డెన్ మెంబరు. స్పీకరెవరంటే ఆయననే, ఇంకొకలకు ఇస్తడా! యాభై రెండు తీర్మానమే పెట్టెటోడు. "రాష్ట్రం తీసేద్దామనేటోళ్లు చేతులెత్తుండ్రి!" ఎవ్వరు ఎత్తొద్దు, అదీ పాఠం. ఒకనాడు వీళ్లేమో సభ జల్ది ఒడిస్తే చాయ్ తాగొచ్చని అందరు ఎత్తిన్రు. ఇగ చూడు కోపం! "చాయ్ కోసం రాష్ట్రాన్ని ఇచ్చేస్తిరి గదరా! నా కండ్లతోని తెలంగాణ చూసేదాక నేను చెయ్యెత్త" అని ఒట్టు వెట్టుకున్నడు. నిజంగనే ఎత్తలే. నారాయణగూడ బస్టాప్‌ల నిలవడి, చెయ్యెత్తకుంట బస్సును నోటితోని పిలిచెటోడు. అది ఆగుతదా? కోచింగుకు రోజూ నడిచే పోవుడు, మహానుభావుడు.

రెండువేల తొమ్మిదిల పడిపోయిండు. దవాఖానల డాక్టరమ్మ "కుడిచెయ్యి ఎత్తుండ్రి సార్" అంటది, ఈయన ఎత్తడు. చెయ్యి పడిపోయిందని రాసుకున్నదామె. "చెయ్యి మంచిగనే ఉన్నదమ్మా, తలకాయనే కరాబు" అన్న నేను. అన్న గని, లోపల భయమే. తెలంగాణ చూడకుంటనే పోతడేమో అని. డిసెంబర్ల తెలంగాణ ఇస్తమని ఢిల్లీ నుంచి ప్రకటనొచ్చింది గద. తెల్లారి పేపర్ పట్టుకొని ఉరికిన. "చదువు" అన్నడు. చదివిన. "మళ్ల చదువు" అన్నడు. "జర ఆగు సారూ, ఢిల్లోళ్ల మాట, అప్పుడే నమ్మకు" అంటనే ఉన్న, చెయ్యెత్తిండు. నర్సు ఉరికొచ్చింది, "ఏం కావాలె సార్?" అని. ఏమొద్దట. అట్లనే పట్టుకున్నడు, కండ్లపొంటి నీళ్లు. నేనే మెల్లగ దించిన.

నాలుగొద్దులకు పోయిండు. దినాలన్న కాకముందే ఢిల్లోళ్లు మాట మార్చిరి. ఊరంత బందులు, లాఠీలు. నేను గీ ఫోటో ముందర నిలవడి తిట్టిన, "మంచిగ తప్పించుకున్నవ్ సారూ, మమ్ముల ఈడ ఇడిసిపెట్టి" అని. నాలుగున్నరేండ్లాయె. ఇయ్యాల తెలంగాణ నిజంగనే వచ్చింది, పటాకులు కాలుస్తున్నరు. పొద్దుగాల చెప్దామని పోయిన ఫోటో దగ్గరికి. ఏం చెప్పాలె? ఆయనకు ఎప్పుడో వచ్చేసింది గద...

ఏయ్, నల్లా వచ్చినట్టున్నది. పో, మోటరెయ్యి.